వైపని మామ దాచిన పెట్టెలు

వైపని మామ పోయాడని సోమవారం పొద్దున నీలం నగర్ నుంచి అత్త ఫోన్ చేసి చెప్పింది. "చాయ్ తాగిండు, గ్లాసు కింద పెట్టిండు, గోడకు ఒరిగిండు. గంతేనే" అంది. ఏడుపు కన్నా ముందు నాకు భయం వచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, అయినా దాచి లాభం లేదు. "అత్తా, మామ ఫోను ఎక్కడున్నది?" అని అడిగాను. మనిషి పోయాడని చెబితే ఫోన్ గురించి అడిగిన దాన్ని ఈ సోలాపూర్ మొత్తంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

అత్త తిట్టలేదు. "ఆయన సంచిలనే ఉన్నది. మా తమ్ముడు అడిగిండు, సాఫ్ చేయించుకొని వాడుకుంటడట" అంది.

"సాఫ్ చేయనియ్యకు అత్తా. నేనొచ్చేదాక ఎవల చేతికీ ఇయ్యకు. నీ ఒళ్లె పెట్టుకో" అని చెప్పి, చాటలో బీడీలు చాటలోనే వదిలి కుంభారి నుంచి బస్సెక్కాను. ఆ బస్సు ఆ రోజు నడిచినంత మెల్లగా ఎన్నడూ నడవలేదు. నా భయం మీకు అర్థం కావాలంటే ముందు మామ ఎవరో చెప్పాలి.

మామ నాకు చుట్టం కాదు. మేము కుంభారి కాలనీకి పోకముందు నీలం నగర్‌లో కిరాయికుండేవాళ్లం. మామది పక్కిల్లు. ఆయన చేసేది వైపని. మగ్గం మీద బీముకు చుట్టిన నూలు అయిపోవస్తున్నప్పుడు, మిగిలిన పాత పోగుల కొసలకు కొత్త బీము పోగులను ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాలి. వేల పోగులుంటాయి. రెండు తారుమారైనా చద్దరు పొడుగునా గీత పడుతుంది. వేళ్లు జారకుండా మామ బూడిద రాసుకునేవాడు. ఆయన చేతులు ఎప్పుడు చూసినా తెల్లగానే ఉండేవి. అత్త ఆ చేతులు కడుక్కోకుండా అన్నం గిన్నె ముట్టుకోనిచ్చేది కాదు.

ఫోన్ల పిచ్చి ఆయనకు ఆ బూడిద చేతుల వల్లే పట్టుకుంది. పని చేస్తూ ఒగ్గు కథలు వినేవాడు, చెవుల్లో తీగలు పెట్టుకుని. కథ మంచి పట్టులో ఉండగా ఏదో ప్రకటన వచ్చి పాట మొదలుపెట్టేది. దాన్ని ఆపాలంటే పోగు వదలాలి, చెయ్యి తుడుచుకోవాలి, నొక్కాలి. తిరిగి వచ్చేసరికి ఏ పోగు దగ్గర ఉన్నాడో మరిచిపోయేవాడు. ఒకసారి అట్లాగే పోగులు తారుమారయ్యాయి. కార్ఖానా సేటు పదిమందిలో గీత చూపించి తిట్టాడు. ముప్పై ఏళ్ల పనిలో మామ పడ్డ మొదటి మాట అది. ఆ కోపంతోనే ప్రకటనలు లేని యాపులు వెతకడం మొదలుపెట్టాడు. అడిగీ అడిగీ పాటలూ కథలూ వినిపించే వీఎల్‌సీ దొరకబట్టాడు. దాని వెనకే ఎఫ్-డ్రాయిడ్ అని ఒక దుకాణం దొరికింది. అందులో ఉన్నవన్నీ లోపలి రాతను ఎవరైనా విప్పి చూడగలిగే యాపులేనట. ఇక అక్కణ్ణుంచి వాడకట్టు మీద పడ్డాడు.

ఎవరి ఫోన్ కనబడినా అడిగి తీసుకుని చూసేవాడు. నా ఫోన్లో టార్చిలైటు యాపు ఒకటి ఉండేది. అది నా నంబర్ల పుస్తకం చూడటానికి అనుమతి తీసుకుందని మామ పట్టుకున్నాడు.

"బత్తి పట్టెటోనికి మన చుట్టాల నంబర్లెందుకే కోడలా? పెండ్లి పిలుపులు పంచుతడా?"

"పుక్కట్‌గ వచ్చింది మామా, ఉండనీ."

"పుక్కట్‌గ ఇచ్చెటోని చేతులు సూడు, పోయేటప్పుడు ఏం కొంటవోతున్నడో" అని అక్కడికక్కడే తీసేశాడు. ఫోన్లోనే బత్తి ఉందని, వేలితో పైనుంచి గుంజితే వస్తుందని చూపించాడు. అప్పటిదాకా నాకు తెలియదు.

నేను ఊరుకునే రకం కాదు. ఒకరోజు గట్టిగానే అడిగాను. "విప్పి చూడొచ్చు, విప్పి చూడొచ్చంటవు. అండ్ల రాసింది నీకు చదవొస్తదా? చదవరానోనికి చూపిస్తె ఎంత, దాస్తె ఎంత?" మామ నవ్వాడు. "చద్దరు కొనెటోళ్లందరికి నేత వస్తదా? అయినా తిరగేసి చూస్తరు గదా. మందిల ఒక్కనికన్న నేత తెలుస్తదని దుకాణపోనికి భయముంటది. తిరగెయ్యనియ్యని చద్దరు నేను కొననే" అన్నాడు.

ఆయన చెప్పినవన్నీ మేలైనవేనని అబద్ధం చెప్పను. ఆయన పెట్టిన ఒక కీబోర్డుతో మా ఆయన వారం రోజులు తెలుగు రాయలేక తిప్పలు పడ్డాడు. నెట్ లేకపోయినా నడిచే ఆయన మ్యాపులో మా కుంభారి కాలనీ వట్టి బీడు భూమిలా కనబడేది. వెక్కిరించాను. ఆ మ్యాపును ఎవరైనా దిద్దొచ్చట. మామ ఆదివారాలు బస్సెక్కి వచ్చి, మా ఇళ్ల వరుసల మధ్య ఫోన్ పట్టుకుని నడిచి, ఒక్కొక్క గల్లీ గీసి పోయేవాడు. ఎండకు మొహం కమిలిపోయేది. మా ఇంట్లో మజ్జిగ తాగి, "రేపు అంబులెన్సు వాడు దారి తెలుస్తలేదనొద్దు" అనేవాడు.

అన్నిటికన్నా ముఖ్యమైంది కీపాస్. మామ దాన్ని పెట్టె అనేవాడు. మన పాస్‌వర్డులు, కార్డుల ఫోటోలు, అన్నీ ఆ పెట్టెలో వేసి ఒక్క తాళం వేసుకోవాలి. ఆ తాళంచెవి మన తలలోనే ఉండాలి. నాకు మెయిల్‌కు రెండో తాళం కూడా వేయించాడు. అరనిమిషానికి ఒకసారి మారే ఆరంకెల నంబరు, అదీ ఆ పెట్టెలోనే కనబడుతుంది. ఫోన్ పోతే ఎట్లా అని అడిగితే, సింక్‌థింగ్ అని ఇంకొకటి పెట్టాడు. మేము ఆయన ఇంటికి వెళ్లి ఆయన వైఫైలో కలిసినప్పుడల్లా పెట్టె నకలు ఒకటి ఆయన ఫోన్లోకి దానంతటదే పోయేది. "పెట్టె నా దగ్గర, చెవి నీ దగ్గర. నేను తెరవలేను, నువ్వు పోగొట్టుకోలేవు" అనేవాడు. వాడకట్టులో చాలామందికి అట్లాగే చేశాడు. నేను తల ఊపాను గాని, నిజం చెప్పాలంటే వినలేదు.

ఇంకొక మాట కూడా చెప్పాడు. అది కూడా వినలేదు. "ఫోను మార్చేటప్పుడు యాది పెట్టుకో. కొత్త పోగు అతికేదాక పాత కొస కొయ్యొద్దు."

రెండేళ్ల కింద, వానాకాలంలో, నా కూతురికి నర్సింగు సీటు వచ్చింది. సాయంత్రం అయిదు లోపల ఆన్‌లైన్‌లో ఒప్పుకోవాలి. లేదంటే ఆ సీటు వెనకనున్నవాళ్లకు పోతుంది. ఒప్పుకోవాలంటే మెయిల్‌కు వచ్చే నంబరు కొట్టాలి. దరఖాస్తులో ఇచ్చిన మెయిల్ నాది. పిల్ల ఊళ్లో నెట్ సెంటర్లో కూర్చుని మధ్యాహ్నం ఒంటిగంటకు ఫోన్ చేసింది. "అమ్మా, నీ మెయిల్ తెరుస్తుంటె ఆరంకెలు అడుగుతున్నది. జల్ది చెప్పు."

నా చేతిలో కొత్త ఫోన్ ఉంది, కొని నాలుగు రోజులైంది. పాతది ఇచ్చి తీసుకున్నాను. "అంతా సాఫ్ చేసి ఇయ్యండి వహినీ" అని మరాఠీ దుకాణంవాడంటే, ఏమాత్రం ఆలోచించకుండా నొక్కి ఇచ్చేశాను. ఫోటోలు వాటంతటవే కొత్తదాంట్లోకి వచ్చాయి, నంబర్లు వచ్చాయి. మెయిల్ నేను కొత్తదాంట్లో ఇంకా తెరవలేదు. పెట్టె రాలేదు. రాలేదని కూడా పిల్ల ఫోన్ చేసేదాకా నేను చూసుకోలేదు. వేరే దారి ఏదైనా ఉందా అని చూస్తే, మెయిల్ మా ఆయన పాత సిమ్ముకు మెసేజి పంపుతానంది. ఆ సిమ్ము మూతపడి ఏడాది అయింది.

మా అమ్మ చాట ముందు కూర్చుని బీడీలు చుట్టింది. ఆ చాట నాకొచ్చింది. నా చాట నా బిడ్డకు పోకూడదని నేను మొక్కని దేవుడు లేడు. ఇప్పుడు నా వేలితో నేనే దాని ముందు చాట పెట్టినట్టయింది.

మామకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. కార్ఖానాలో మగ్గాలు నడుస్తుంటే ఫోన్ మోత ఎవరికి వినబడుతుంది? బస్సు కోసం నిలబడ్డాను, రాలేదు. షేర్ ఆటోలో సగం దూరం, తర్వాత ఇంకో ఆటో. అక్కల్‌కోట్ రోడ్డు మీద వాన మొదలైంది. కార్ఖానా గేటు దగ్గర దిగేసరికి మూడున్నర.

మామ బీము ముందు పీట మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ మగ్గాల మోత. నేను ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను. "నీ పెట్టె నన్ను ముంచింది మామా! అన్నీ వచ్చినయి, నీదొక్కటే రాలె! పిల్ల సీటు పోతున్నది! అయిదు గంటలకే ఆఖరు!"

మామ లేవలేదు. చేతిలో ఉన్న పోగును మెలిపెట్టాడు, బిగించాడు, ఒకసారి లాగి చూశాడు. ఆ రెండు క్షణాలు నాకు ఆయన్ను కొట్టాలనిపించింది. తర్వాత గడ్డంతో మేకుకు తగిలించిన సంచి చూపించాడు. ఫోన్ తీశాను. తాళం ఉంది. వేలిముద్రతో తెరుద్దామంటే బూడిదకూ నూలుకూ అరిగిపోయిన ఆ వేళ్లను ఏ ఫోనూ గుర్తుపట్టేది కాదు, అందుకని ఆయన అంకెలు పెట్టుకున్నాడు. ఆ మోతలో చెబితే వినబడదు. మగ్గాల దగ్గర మేమంతా చేతులతోనే మాట్లాడుకుంటాం. మామ తెల్లటి చెయ్యి పైకెత్తి వేళ్లతో అంకెలు చూపించాడు. నాలుగు. ఒకటి. అయిదు. రెండు. మగ్గాల ముందున్న పదిమందీ చూశారు. తాళం గురించి, దాచుకోవడం గురించి వాడకట్టంతటికీ పాఠాలు చెప్పే మనిషి తన తాళం పదిమంది ముందు విప్పేశాడు.

లోపల మా పెట్టెలన్నీ వరుసగా ఉన్నాయి, వావితోనో పనితోనో పేర్లు రాసి. బీడీల అవ్వ. జాబరు తమ్ముడు, మగ్గాలు బాగుచేసేవాడు. కోడలు పిల్ల, అది నేను. నా పెట్టె నకలు తేదీ చూస్తే ఎండాకాలంలో వాడకట్టులో పెళ్లికి వచ్చిన నాటిది. మెయిల్‌కు రెండో తాళం వేయించింది దానికి ముందా, తర్వాతా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ముందైతే పిల్లకు సీటు. తర్వాతైతే చాట.

నా తాళం మాట కొట్టాను. తప్పంది. మళ్లీ కొట్టాను. తప్పంది. మామ నా మొహం చూసి దగ్గరికి రమ్మన్నాడు. చెవిలో అన్నాడు, "పోగు తెగితె గుంజుతవా? కొస దేవులాడుతవు. ఊపిరి తీసుకో." తీసుకున్నాను. మూడోసారికి తెరుచుకుంది. మెయిల్ అన్న పేరు కింద ఆరంకెలు, వాటి పక్కన తరిగిపోతున్న ఒక వలయం.

లోపల మాట వినబడదు గనుక గేటు బయటికి ఉరికాను. ఒక చేతిలో నా ఫోన్, ఇంకో చేతిలో మామ ఫోన్. అందులో బ్యాటరీ ఆరు శాతం ఉంది. నేను చదివేలోపే అంకెలు మారిపోయాయి. రెండోసారి అద్దం మీద మామ వేలి బూడిద పడి ఉండి, అది మూడో ఎనిమిదో తెలియక తప్పు చెప్పాను. కొంగుతో గట్టిగా తుడిచాను. వలయం నిండుగా మొదలయ్యేదాకా ఆగి, ఒక్కొక్కటే చెప్పాను.

"అమ్మా, తెరుసుకున్నది" అంది పిల్ల. తర్వాత కీబోర్డు టకటకలే వినబడ్డాయి. "ఏమైందే? మాట్లాడవేందే?" అని అరిచాను. "ఉండు అమ్మా... నంబరొచ్చింది... కొట్టిన... నొక్కిన..." నేను వానలో నిలబడ్డాను. "అయింది. సీటు ఖాయమైందని వచ్చిందమ్మా." నాలుగున్నర దాటింది. మామ ఫోన్ నా చేతిలోనే ఆరిపోయింది.

లోపలికి వచ్చేసరికి మామ కనుబొమలు ఎగరేసి అడిగాడు. తల ఊపాను. అప్పుడు ఏడుపొచ్చింది. ఆయన ఓదార్చలేదు. ఎదురుగా ఉన్న పీట చూపించి, చెవి దగ్గర అరిచాడు. "కూసో. పోగులు అందియ్యి. నీ వల్ల ఆలస్యమైంది, సేటు మొత్తుకుంటడు." నేను పాత కొసలు ఏరి అందిస్తుంటే ఆయన అతుకుతూ పోయాడు. చాలాసేపటికి, మగ్గాలు రెండు మూడు ఆగి మోత తగ్గినప్పుడు అడిగాడు.

"కొత్తది అతకకముందే పాతది కోసినవా?"

"కోసిన మామా."

"మగ్గం మీద గట్ల చేస్తవా?"

"చెయ్య."

"నేతోళ్ల బిడ్డవు గదనే" అన్నాడు. అంతకన్నా తిట్టలేదు. నేను వెళ్లేటప్పుడు, "నా నంబరు పదిమంది చూసిండ్రు. రేపు మారుస్త" అని నవ్వాడు.

ఇప్పుడు మీకు నా భయం తెలిసి ఉంటుంది. బీడీల అవ్వ ఫోన్ అంతకు నెల ముందే నీళ్ల బక్కెట్లో పడి చచ్చింది. ఆమె రేషన్ కార్డు, ఇంటి కాగితాల ఫోటోలు, అన్నీ ఉన్న పెట్టె ఇక మామ ఫోన్లో ఒక్కచోటే ఉంది. ఇంకా ఎందరివి అట్లా ఉన్నాయో మామకే తెలుసు. మామ లేడు. ఒక్క వేలు ఒక్కసారి నొక్కితే చాలు, అన్నీ పోతాయి. ఆ వేలు ఎట్లా నొక్కుతుందో నాకు తెలుసు.

నేను వెళ్లేసరికి ఇంటి ముందు మనుషులు నిండి ఉన్నారు. అత్త గోడకు ఆనుకుని కూర్చుంది, ఒళ్లో మామ సంచి, దాని మీద రెండు చేతులు. తమ్ముడు అడిగితే కూడా ఇవ్వలేదట. నన్ను చూసి, "ఇగో, నువ్వన్నట్టే ఒళ్లె పెట్టుకున్న" అని భోరుమంది. నేనూ అప్పుడే ఏడ్చాను.

దినాలు అయ్యాక ఫోన్ తీశాను. తాళం అడిగింది. మామ నంబరు మారుస్తానన్నాడు గదా. వేరే ఏమీ తెలియదు గనుక నాలుగు, ఒకటి, అయిదు, రెండు కొట్టాను. తెరుచుకుంది. మార్చలేదు. మరిచిపోయాడో, నేను మళ్లీ ఏదైనా కోసుకుని వస్తానని ఉంచాడో నాకు తెలియదు. ఆయన మరిచిపోయే మనిషి కాదు.

పెట్టెలు పందొమ్మిది ఉన్నాయి. అన్నిటినీ నా ఫోన్లోకి తెచ్చాను. అంతటితో నమ్మలేదు. మూడు రోజులు నీలం నగర్‌లో ఇల్లిల్లూ తిరిగి, ఎవరి పెట్టెను వాళ్లతోనే తెరిపించాను. బీడీల అవ్వ తాళం మాట గుర్తు చేసుకోవడానికి అరగంట పట్టింది. తెరుచుకోగానే ఇంటి కాగితం ఫోటో చూసి, "మీ మామ సల్లగుండ" అంది, పోయిన మనిషని మరిచి. మామ సగం అతికి వదిలిన బీము దగ్గరికి కూడా వెళ్లాను. ఇంకొక వైపని ఆయన వచ్చి మామ వేసిన ఆఖరి ముడి పక్కనుంచే మొదలుపెట్టాడు.

ఆఖరికి ఒక్క పెట్టె మిగిలింది. దాని మీద వైపని అని రాసి ఉంది. అత్త చూసింది.

"అది ఆయనదా?"

"అవునత్తా."

"దాని చెవి ఆయననే కొంటవోయిండు గదా. తెరవరాని పెట్టె ఏం చేసుకుంటవే?"

"ఉండనీ అత్తా. నా ఫోన్లకు అతికిన."

అత్త మామ ఫోన్ తీసుకుని, ఎక్కడ నొక్కాలో అడిగి, సాఫ్ చేసే బొత్తాన్ని తన వేలితోనే నొక్కింది.

నా కూతురు ఇప్పుడు నర్సింగు రెండో ఏడాదిలో ఉంది. ఇప్పుడు వాడకట్టువాళ్ల ఫోన్లు నెట్ మీద నా ఫోన్‌తో కలుస్తున్నాయి. ఎవరు ఏది మార్చినా వాళ్ల పెట్టె పక్కన తేదీ మారుతుంది. నిన్న, కొత్త ఫోన్ కొన్న అవ్వది మారింది, మొన్న జాబరు తమ్ముడిది. వరుసలో అన్నిటికన్నా కిందనున్న పెట్టె తేదీ మాత్రం మామ పోయిన సోమవారానికి ముందటి ఆదివారం దగ్గరే ఉంది.